దిగినాక ఎటెల్లాలి?

మా ఇంట్లో వేసవి సెలవుల లెక్కలు మార్చిలోనే మొదలవుతాయి. ఈసారి భోజనాల బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి మా ఆవిడ రాసింది: హువా హిన్, థాయిలాండ్. రెండోది నేను రాసింది: ట్రింకోమలీ, శ్రీలంక. ఇద్దరం ముందే ఒప్పుకున్న షరతులు మూడు. దేశం దాటాలి, సముద్రం ఒడ్డున ఉండాలి, కుదిరినంత మేర రైల్లోనే పోవాలి. వెళ్ళేది అయిదుగురం. మేమిద్దరం, పదకొండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయి, మోకాళ్ళ నొప్పులతో మా అమ్మ.

గాజువాకలో ఇల్లున్నవాడికి సముద్రం కోసం దేశం దాటే పనేంటని మా బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆర్కే బీచ్‌లో సాయంత్రం పూట మురీ మిక్చర్ పొట్లం, ఆదివారం రుషికొండ, ఏడాదికోసారి యారాడ, చుట్టాలొస్తే భీమిలి దాకా షికారు. ఇవన్నీ ఉన్నవాళ్ళం. దసరా సెలవులకు హౌరా బండ్లలో వచ్చి దిగే బెంగాలీ కుటుంబాలకు మా ఊరే విహారస్థలం. అందుకే ఈ రెండు కాగితాలనీ ఇసక రంగుతోనో అలల ఎత్తుతోనో తూచడం నాకిష్టం లేదు. ఆ తూకంలో హువా హిన్‌కైనా ట్రింకోమలీకైనా మా భీమిలి తీసిపోదు. మాకు లేనిది ఒకటుంది. రైలు దిగి సముద్రంలోకి నడిచివెళ్ళడం.

విశాఖపట్నం స్టేషన్లో ఎప్పుడైనా చెన్నై వెళ్ళే హౌరా బండిలో కూర్చుని గమనించండి. బండి ఏ దిక్కు నుంచి లోపలికొచ్చిందో మళ్ళీ ఆ దిక్కుకే బయల్దేరుతుంది. ఒక చివర ఇంజను విప్పి, రెండో చివర ఇంకో ఇంజను తగిలిస్తారు. అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళు వెనక్కి ప్రయాణం చేస్తారు. ఆ ఇరవై నిమిషాల్లో జనం ఇడ్లీ పొట్లాలు కొనుక్కుంటారు, సీసాల్లో నీళ్ళు పట్టుకుంటారు. సముద్రం ఆ పక్కనే ఉన్నా కంటికి కనపడదు. మధ్యలో పోర్టు, గోదాములు, పాత ఊరు అడ్డం. 1987 దాకా ఈ స్టేషన్ పేరు వాల్తేరు. పేరు మారింది గానీ సముద్రానికీ దీనికీ మధ్య ఉన్న ఎడం అలాగే ఉంది.

పోల్చడానికి కొలబద్ద కావాలి కదా. అది మా అమ్మ నోటి నుంచి వచ్చింది.

అమ్మ పుట్టింది రంగంలో. రంగూన్‌ని మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ రంగం అనే అంటారు. అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక, 60లలో అందరితోపాటు మా తాతా సామాన్లు కట్టేశాడు. అప్పటికి అమ్మకి ఏడేళ్ళు. చివరికి కంచరపాలెం బర్మా క్యాంపులో తేలారు. నేను ట్రింకోమలీ కాగితం చదివి వినిపిస్తుంటే, ఓడ అన్న మాట దగ్గర అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఓడలో బానే ఉన్నాం నాయనా. అన్నం పెట్టేరు, పడుకున్నాం. దిగినాకే ఎటెల్లాలో తెలీలేదు. మీ తాత మూట నెత్తినెట్టుకుని అలా నిలబడిపోయేడు."

ఆ ఒక్క మాటతో నా కొలబద్ద కుదిరింది. కుటుంబంతో చేసే ప్రయాణంలో మనుషుల్ని అలసగొట్టేవి కిలోమీటర్లు కావు, అతుకులు. బండికీ బండికీ మధ్య, బండికీ ఓడకీ మధ్య, స్టేషన్‌కీ బసకీ మధ్య ఉండే ఖాళీలు. పిల్లలు ఏడ్చేది అక్కడ, డబ్బు కారిపోయేది అక్కడ, ముసలివాళ్ళు నిలబడిపోయేది అక్కడ. పద్నాలుగు గంటలు బెర్తు మీద పడుకుని హాయిగా పోయిన మా అమ్మే, స్టేషన్ బయట ఆటో కోసం పావుగంట నిలబడితే కూలబడిపోతుంది.

పోర్టూ ఉక్కూ ఉన్న ఊళ్ళో బతికేవాడికి అతుకు లేని దారి ఎలా ఉంటుందో తెలుసు. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం కిరండూల్లో వ్యాగన్లకెక్కి, అరకు లోయ మీదుగా కొత్తవలస దిగి, పోర్టుకొస్తుంది. టిప్లర్ వ్యాగన్ని ఎత్తి బోర్లించేస్తుంది. కన్వేయర్ బెల్టు దాన్ని ఓడ కడుపులో పోస్తుంది. 1960లలో ఆ లైను వేసిందే జపాన్‌కి ఖనిజం పంపడానికి. గంగవరంలో దిగే బొగ్గుదీ అదే కథ. ఓడలోంచి బెల్టు మీదకి, బెల్టు మీంచి ఉక్కు కర్మాగారానికి. రైలునీ ఓడనీ అతకడం మనకి చేతకానిదేం కాదు. మనుషుల కోసం ఎక్కడ అతికారు, ఎక్కడ వదిలేశారు అన్నదే నేనిక్కడ చూస్తున్నాను.

ముందు హువా హిన్ కాగితం. దీనికి ఆధారం 2024 ఏప్రిల్లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి మొదలైన నేరు విమానం. విమానం ఎక్కితే రైలు షరతు తప్పినట్టే కదా అంటే, "కుదిరినంత మేర అనుకున్నాం కదండీ" అంది మా ఆవిడ. నిజమే, విశాఖ నుంచి థాయిలాండ్‌కి రైలు లేదు. విమానం దిగేది డాన్ ముయాంగ్‌లో. ఆ విమానాశ్రయాన్ని ఆనుకునే రెడ్ లైన్ రైలు స్టేషన్ ఉంది. అది నేరుగా క్రుంగ్ తేప్ అఫివాట్ అనే పెద్ద టెర్మినల్‌కి తీసుకుపోతుంది. 2023 జనవరి నుంచి దక్షిణానికి పోయే దూరపు బండ్లు ఆ టెర్మినల్ నుంచే బయల్దేరుతున్నాయి. అంటే విమానం దిగిన కుటుంబం ఆకాశం కింద నిలబడకుండానే దూరపు బండి దాకా చేరుతుంది. అక్కణ్ణుంచి సుమారు నాలుగు గంటలు, 200 కిలోమీటర్ల పైచిలుకు.

హువా హిన్ స్టేషన్ దగ్గర కాసేపు ఆగాలి. ఈ కాగితంలో గట్టి సరుకంతా అక్కడే ఉంది. హువా హిన్ అన్న మాటకి అర్థం రాతి తల. ఒకప్పుడది జాలర్ల పల్లె. 1911లో దక్షిణ రైలు మార్గం అక్కడికొచ్చింది. వచ్చి ఊరికే దాటిపోలేదు. రైల్వే శాఖకి అధిపతిగా ఉన్న పురచత్ర రాకుమారుడు అక్కడ సముద్రం ఒడ్డున రైల్వే హోటల్ కట్టించాడు. 1923లో తెరిచారు. స్టేషన్‌కి అవతలి పక్క గోల్ఫ్ మైదానం వేశారు. కొన్నేళ్ళకి రాజు ప్రజాధిపోక్ ఆ ఊళ్ళోనే వేసవి భవనం కట్టుకుని, చింతలకు దూరం అని అర్థం వచ్చేలా క్లాయ్ కాంగ్‌వోన్ అని పేరు పెట్టాడు. ఊరికి ఊరే పట్టాల చివర మొలిచింది. ఎర్ర రంగు, మీగడ రంగు పూసిన పాత చెక్క స్టేషన్, దాని పక్కన రాజుగారి విశ్రాంతి మండపం నేటికీ ఉన్నాయి. 2023 డిసెంబరు నుంచి బండ్లు పక్కనే ఎత్తులో కట్టిన కొత్త స్టేషన్లో ఆగుతున్నాయి. పాతదాన్ని కూల్చలేదు. స్టేషన్ నుంచి సముద్రానికి తిన్నగా ఒకే వీధి, పిల్లలు కూడా నడిచిపోగలంత దూరం.

మా కాగితం మీద హువా హిన్ అతుకులు లెక్కపెడితే మూడు తేలాయి. మూడూ నడకతో తీరేవే. ఊహించి కట్టినవాళ్ళ పని అలా ఉంటుంది. మన దేశంలోనూ పూరీలో బెంగాల్ నాగపూర్ రైల్వే 1925లో ఇలాగే హోటల్ తెరిచింది. అదే రైల్వే వాల్తేరు దాకా బండ్లు నడిపింది. సముద్రం, కొండలు, హౌరా నుంచి నేరు బండి, అన్నీ ఉన్న మా ఊళ్ళో రైలునీ తీరాన్నీ కలిపే వీధి ఒక్కటి పడలేదే అని ఈ కాగితం చదివినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది.

ఇక లోటు చెప్పాలి. విశాఖకీ హువా హిన్‌కీ మధ్య ఉన్న సముద్రమంతా విమానం కిటికీ కింద చీకట్లో దాటిపోతుంది. పిల్లలకి రెండు దేశాల మధ్య ఏముందో తెలీదు. రైలు ప్రయాణం చివరి నాలుగు గంటలకే పరిమితం. పప్పన్నంలో ఆవకాయ బద్దలా రుచికి వేసుకున్నట్టుంది గానీ కడుపు నిండదు. ఇంకోటి, తిండి. అక్కడ చేపల పులుసునీళ్ళు పడని కూర దొరకడం కష్టం. పసుపు జెండా కట్టిన దుకాణాల్లో జే అనే శాకాహారం దొరుకుతుందని మా ఆవిడ కనుక్కుంది. అమ్మ మాత్రం మరమరాలూ సున్నుండలూ డబ్బాలో పోసుకోవాల్సిందే.

రెండో కాగితం నాది కాబట్టి దీని మీద ఎక్కువ కటువుగా ఉంటాను.

మొదట నేను రాసింది ట్రింకోమలీ కాదు, గాలె. కొలంబో నుంచి మాతర దాకా పోయే తీరపు లైను సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. తలుపులో కూర్చుంటే అలల తుంపర కాళ్ళ మీద పడేంత దగ్గర. కొబ్బరి తోటలు, బెంటోట, హిక్కడువ, వెలిగామ. బండిలో ఇస్సో వడే అని అమ్ముకుంటూ వస్తారు. మన పప్పు వడ మీద రొయ్యని అదిమి వేయించినట్టుంటుంది. సముద్రాన్ని అంత దగ్గరికి తెచ్చుకోవడానికి ఆ లైను పెద్ద మూల్యమే చెల్లించింది. 2004 డిసెంబరు 26న పెరళియ దగ్గర సునామీ ఒక బండిని మొత్తంగా ఎత్తి విసిరేసింది. ఆ ఒక్క చోటే పదిహేడు వందల మందికి పైగా పోయారు. హుద్‌హుద్ తుఫాను చూసిన మేము ఆ సంఖ్య చదివి ముందుకు పోలేం. రెండు నెలల్లోపే ఆ లైను మళ్ళీ బాగు చేసుకున్నారు.

అయినా గాలెని కొట్టేశాను. కారణం రుతువు. మన బడులకి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. మే వచ్చేసరికి నైరుతి గాలి మొదలై ఆ నైరుతి తీరం కల్లోలంగా ఉంటుంది, పిల్లల్ని నీళ్ళలో దింపలేం. అక్కడ సముద్రం తేటగా ఉండేది డిసెంబరు నుంచి మార్చి దాకా. పోనీ సంక్రాంతికి పోదామంటే అప్పుడు ఓడ ఉండదు. మన సెలవులూ వాళ్ళ సముద్రమూ ఎదురెదురు. అదే మే, జూన్ నెలల్లో తూర్పు తీరం ప్రశాంతంగా, చెరువులా ఉంటుంది. ఆ తీరంలో రైలు స్టేషన్ ఉన్న పెద్ద ఊళ్ళలో ఒకటి ట్రింకోమలీ.

ఇప్పుడు దారి. ఒకప్పుడు ఈ దారికి బోట్ మెయిల్ అని పేరు. 1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన తెరిచారు. ఆ మార్చి నుంచి మద్రాసు ఎగ్మూరులో ఎక్కినవాళ్ళు ధనుష్కోడి రేవు దాకా ఒకే బండిలో పోయేవాళ్ళు. పట్టాలు ఓడ దగ్గరికే వెళ్ళేవి. ముప్ఫై అయిదు కిలోమీటర్ల నీళ్ళు దాటితే అవతల తలైమన్నార్ రేవు మీద కొలంబో బండి సిద్ధం. మద్రాసు నుంచి కొలంబో దాకా ఒకే టిక్కెట్టు. ఆ దారిలో పోయినవాళ్ళంతా విహారానికి పోలేదన్నది మరిచిపోకూడదు. తేయాకు తోటలకి పోయే కూలీలని మండపం క్యాంపులో రోజుల తరబడి ఆపి ఉంచేవాళ్ళు. అదే పట్టాలు, అదే ఓడ, వాళ్ళకి మాత్రం అతుకు. ఓడ దిగి మూటతో నిలబడిపోయిన మా తాత వాళ్ళ వరసలోని మనిషే.

1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను ధనుష్కోడిని తుడిచేసింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు బండి, లోపలి మనుషులతో సహా సముద్రంలో కలిసింది. నేను ఒకసారి అక్కడికి వెళ్ళాను. ఇసకలో స్టేషన్ గోడలు, పైకప్పు లేని చర్చి, పగడపు రాయి తేలిన గోడల సందుల్లో మేకలు. పట్టాలు మళ్ళీ అక్కడిదాకా రాలేదు. తర్వాత రామేశ్వరం నుంచి కొన్నాళ్ళు ఓడ నడిచింది, 80లలో అదీ ఆగింది. ఇప్పటి పరిస్థితి చూస్తే బాధేస్తుంది. 2025 ఏప్రిల్లో కొత్త పాంబన్ వంతెన తెరిచారు, రామేశ్వరం దాకా బండ్లున్నాయి. అవతల తలైమన్నార్ లైనుని మన ఇర్కాన్ సంస్థే తిరిగి వేసింది, 2015 నుంచి అక్కడికీ బండి వస్తోంది. రెండు వైపులా పట్టాలున్నాయి, మధ్యలో ఓడ లేదు.

ఉన్న ఓడ నాగపట్నం నుంచి. 2023 అక్టోబరు 14న మొదలై, వానాకాలం మీద పడి వారం తిరక్కుండానే ఆగి, 2024 ఆగస్టు 16న శివగంగై అనే ఓడతో మళ్ళీ నడిచింది. నాలుగు గంటల్లో యాళ్ప్పాణం (జాఫ్నా) పైన ఉన్న కాంకేసంతురైలో దింపుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఆపేస్తారు. మా దారి ఇదీ. సాయంత్రం విశాఖలో ఎక్కితే 780 కిలోమీటర్లు పోయి మర్నాడు చెన్నై సెంట్రల్. అక్కడ మొదటి అతుకు. దక్షిణం బండి ఎగ్మూరు నుంచి పోతుంది. రెండు కిలోమీటర్లే గానీ సామాన్లతో, ఎండలో, అమ్మతో ఆ రెండే ఎక్కువ. రాత్రంతా కారైకల్ బండిలో పోయి తెల్లారి నాగపట్నం. స్టేషన్ నుంచి రేవుకి రెండో అతుకు. కాంకేసంతురైలో పాస్‌పోర్టు వరస దాటి, యాళ్ప్పాణంలో బసకి మూడోది. మర్నాడు కొలంబో పోయే బండెక్కి మాహో జంక్షన్లో దిగి, తూర్పు బండి కోసం ఎదురుచూడ్డం నాలుగోది. అన్నింటికంటే నేను భయపడేది దీనికే. రాత్రివేళ, తెలీని ఊళ్ళో, నిద్రమొహాల పిల్లలతో. ట్రింకోమలీలో దిగి ఉప్పువేలి బీచ్‌కి పోవడం అయిదోది. ఇది కాక 2025 నవంబరు ఆఖర్న దిత్వా తుఫాను లంకలో పట్టాలని చాలాచోట్ల కోసేసింది. ఏ బండి ఎందాకా నడుస్తోందో ప్రయాణం ముందు రోజు కూడా కనుక్కోవాల్సిందే.

మూడుకి అయిదు. నా కొలబద్ద ప్రకారం నా కాగితమే ఓడింది. ఒప్పుకుంటాను. 1914లో ఉన్నంత కుదురుగా కూడా ఈ దారి ఇవాళ లేదు.

అయినా ఆ కాగితాన్ని బల్ల మీంచి తీసెయ్యలేకపోతున్నాను. అతుకుల్ని లెక్కపెట్టాక, రెండు అతుకుల మధ్య ఏముందో కూడా చూడాలి కదా. హువా హిన్ దారిలో అతుకుల మధ్య ఉన్నది ఖాళీ ఆకాశం. ఈ దారిలో కృష్ణా గోదావరులు, ఎగ్మూరు, కావేరి పాయలు, నాలుగు గంటల సముద్రం, ఆ తర్వాత 1990 నుంచి పాతికేళ్ళ పాటు యుద్ధం వల్ల బండి నడవని పట్టాలు. 2015 జనవరిలో కాంకేసంతురై దాకా వాటిని తిరిగి వేశారు. పట్టాల మధ్య వెడల్పు మనదే, తాటిచెట్లు మనవే. ఇడ్లీ, దోసె, ఇడియాప్పం. అమ్మకి డబ్బా అక్కర్లేదు. అమ్మాయి భూగోళం పుస్తకంలో పాక్ జలసంధి అని చదివింది, దాని రంగు చూస్తుంది.

ఇక చేరే ఊరు. ట్రింకోమలీ ఫొటో చూపిస్తే మా అబ్బాయి డాల్ఫిన్ నోస్ అన్నాడు. తప్పేం లేదు. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ, వెనక లోతైన సహజ రేవు, నౌకాదళం. మా పోర్టు ముఖద్వారం దగ్గర మూడు కొండల మీద గుడి, దర్గా, చర్చి ఉన్నట్టే, అక్కడ స్వామి కొండ అంచున కోనేశ్వరం గుడి. దాన్ని చుట్టుకుని ఉన్న పాత కోటలో జింకలు తిరుగుతుంటాయి. రెండు ఊళ్ళకీ ఒకే వారం గాయం కూడా తగిలింది. 1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద బాంబులేశాయి. 6న విశాఖ, కాకినాడ. 9న ట్రింకోమలీ. బంగాళాఖాతం ఒకే నీళ్ళని అప్పుడు మన తాతలకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. హువా హిన్‌లో మేం అతిథులం. అక్కడంతా అతిథి కోసమే అమర్చి ఉంటుంది, ఆ అమరిక గొప్పది. ట్రింకోమలీ మాత్రం మా ఊరిలాగే పని చేసుకునే రేవు, అక్కడ సముద్రం పక్కన ఇసక కూడా ఉంది.

రాత్రి పదింటికి ఇదంతా చదివి వినిపించాను. మా ఆవిడ తన కాగితం మడిచి, "ఇది వచ్చే ఏడాదికి. కానీ ఆ మాహోలో రాత్రి బండి మారడం నేనొప్పుకోను. అనూరాధపురంలో దిగి ఒక రోజు ఉండి, పగలు బయల్దేరదాం" అంది. నాకు తట్టనే లేదు. ఒక రాత్రి బస ఖర్చుతో అయిదింట్లో భయపెట్టే అతుకు కరిగిపోయింది. చెన్నైలోనూ అంతే. పగలంతా వెయిటింగ్ రూములో కూర్చోకుండా ఎగ్మూరు పక్కనే గది తీసుకుంటే అమ్మ నడుం వాలుస్తుంది.

అమ్మ అప్పటికి లేచి, బీరువా మీది సంచులు దింపించింది. నాలుగు సంచుల్లో ఒకటి పక్కన పెట్టేసి, మిగతా మూడూ మనవరాలి చేత ఒక్కొక్కటే ఎత్తించి చూసింది.

"ఓడ దిగేక ఎటెల్లాలో కాగితం మీద పెద్దచ్చరాలతో రాయి నాయనా" అంది. "తెలుగులో రాయి. నా కాడ ఉంచుకుంటాను."

చెన్నై బండికి రిజర్వేషను అరవై రోజుల ముందు తెరుస్తారు. క్యాలెండర్లో ఆ తారీఖు చుట్టూ అబ్బాయి ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టాడు. నేను తెల్ల కాగితం తీసుకుని మొదటి వరస రాశాను: కాంకేసంతురై. ఓడ దిగి కుడికా, ఎడమకా, అది కనుక్కున్నాక రెండో వరస.